నీళ్లు మసకబారే చప్పుడు

"పోయింది! పోయింది!" అని ల్యాబులో ఎవరో కేక పెట్టారు. మరు నిమిషంలో పక్క బల్ల దగ్గర్నుంచి, "మాది కూడా పోయింది" అని ఇంకో గొంతు.

గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్న ప్రజ్ఞకు ఏం పోయిందో అర్థం కాలేదు. అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు లాంటిదేదో ముక్కుకు తగిలింది. గాజు గ్లాసులు బల్లల మీద పెడుతున్న చప్పుడు, గడియారం నొక్కుతున్న టిక్కుమనే శబ్దం, పిల్లల నవ్వులు వినిపిస్తున్నాయి. పన్నెండో తరగతి సైన్సు విద్యార్థులందరూ బల్లల దగ్గర ఉన్నారు. ఆమె ఒక్కతే స్టూలు మీద ఉంది.

ప్రజ్ఞకు కళ్లలోని రెటీనా జబ్బు. చిన్నప్పుడు రంగులన్నీ చూసింది. మూడో తరగతికి వచ్చేసరికి చూపు పూర్తిగా పోయింది. చదువులో మాత్రం ఎక్కడా ఆగలేదు. ఉప్పల్‌లోని ఆ బడిలో పదో తరగతి పాసై, అందరూ వద్దన్నా సైన్సు తీసుకుంది. పాఠాలు విని నేర్చుకుంటుంది, లెక్కలు మనసులో కట్టేస్తుంది. ప్రాక్టికల్స్ రోజున మాత్రం స్టూలే.

క్లాసు అయిపోయాక కెమిస్ట్రీ టీచరు మంగతాయారు దగ్గరికి వెళ్లింది.

"మేడం, ఏం పోయింది?"

మంగతాయారుకు నవ్వొచ్చింది. "ఇంటూ గుర్తమ్మా. కాగితం మీద పెన్నుతో ఇంటూ గీసి, దాని మీద గ్లాసు పెడతాం. గ్లాసులో హైపో అనే ఉప్పు కలిపిన నీళ్లు. అందులో కాస్త యాసిడ్ పోస్తే, లోపల గంధకం పుట్టి నీళ్లు మెల్లగా మసకబారతాయి. కింద ఉన్న గుర్తు ఎప్పటికి కనబడకుండా పోతుందో చూసి, ఆ సమయం రాసుకుంటాం. హైపో గాఢత ఎక్కువైతే తొందరగా పోతుంది. నీళ్లు కలిపి పలచన చేస్తే ఆలస్యంగా పోతుంది."

"ఎంత ఆలస్యంగ?"

"గాఢత సగం చేస్తే, సమయం దాదాపు రెట్టింపు."

ప్రజ్ఞ ఆ లెక్కను వేళ్ల మీద వేసుకుంది. తర్వాత, "మీరు చెప్తే ఇన్న మేడం. కానీ నాకు తెల్వలేదు. నేను చేస్తేనే తెలుస్తది" అంది.

ఇరవై ఏళ్లుగా అదే ప్రయోగం చేయిస్తున్న మంగతాయారు గుమ్మం పక్కన ఖాళీగా ఉన్న ఆ స్టూలు వైపు చూసింది.

*

ప్రజ్ఞ తల్లి సరిత మల్లాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తుంది. చీకటి పడితే వీధి దీపాలను వాటంతటవే వెలిగించే బోర్డులు అక్కడ తయారవుతాయి. వరసగా కూర్చున్న ఆడవాళ్లలో సరిత ఒకతె. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా సన్నటి తీగలకు టంకం పెట్టడమే ఆమె పని. తండ్రి నరేందర్ ట్రాలీ ఆటో నడుపుతాడు. నాచారంలో వాళ్ల తాతల నాటి రెండు గదుల ఇల్లు ఉంది.

మరుసటి వారం మంగతాయారు సరితను బడికి పిలిపించింది. చూపులేని పిల్లలు ప్రాక్టికల్ చెయ్యనక్కర్లేదనీ, దానికి బదులు ప్రశ్నలకు జవాబులు రాయవచ్చనీ, ఇంట్లోవాళ్లు సంతకం పెడితే చాలనీ చెప్పింది. సరిత ఊపిరి పీల్చుకుంది.

"గట్లనే కానియ్యి మేడం. పెన్ను ఇయ్యిన్రి."

"నేను చేస్త" అంది పక్కనే నిలబడ్డ ప్రజ్ఞ.

"ఏం చేస్తవ్ బిడ్డా? యాసిడ్ అది. మీద పడ్తే ఎవరు దిక్కు?"

"అందరి మీద పడ్తది. నా ఒక్కదాని మీదనే పడ్తదా?"

"అందరికీ కండ్లున్నయి."

అన్నాక సరిత నాలుక కరుచుకుంది. ప్రజ్ఞ మాత్రం తడబడలేదు. తల్లి చెయ్యి వెతికి పట్టుకుని, వేళ్ల మీద పరుచుకున్న కాలిన మచ్చలను బొటనవేలితో ఒక్కొక్కటీ తాకింది.

"నీకు కండ్లున్నయి గదమ్మా. ఇవేంది మరి? సోల్డరింగ్ ఇనుము తగిలి కాలినయే గదా. నిన్ను పని బందు చెయ్యమని ఎవరన్న సంతకం అడిగిన్రా?"

సరిత చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. మంగతాయారు మాత్రం ఒక్కసారిగా ముందుకు వంగింది.

"సరితగారూ, మీరు సోల్డరింగ్ చేస్తారా? మరి కాంతి ఎక్కువ తక్కువలను బట్టి మారే ఆ చిన్న పార్టు ఉంటుంది చూడండి..."

"ఎల్‌డీఆర్ మేడం. మా బోర్డు మీద మొదలు ఏసేదే అది. పొద్దుగూకిందని దానికే తెలుస్తది."

"అయితే గ్లాసుకు ఒకవైపు దీపం, రెండోవైపు ఆ పార్టు పెడితే? నీళ్లు మసకబారేకొద్దీ దాని మీద పడే కాంతి తగ్గుతుంది. ఆ తగ్గడాన్ని చప్పుడుగా మార్చగలమా?"

సరిత కాసేపు కిటికీ వైపు చూసింది. చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"జర టైం ఇయ్యిన్రి మేడం. మా సూపర్‌వైజర్ కొమురెల్లన్నను అడిగొస్త" అంది.

*

కొమురెల్లి ఉన్నదే చెప్పే మనిషి. "కష్టమేం గాదు చెల్లె, కానీ రెండు మూడు సార్లు ఇప్పి మల్ల కట్టాల్సొస్తది" అన్నాడు. భోజనం వేళ అట్టముక్క మీద సర్క్యూట్ గీసిచ్చాడు. చిన్న చిన్న సొట్టలతో పక్కన పడేసిన పార్టులు గుప్పెడు చేతిలో పెట్టాడు.

ఆదివారం నాడు సరిత ఇంట్లోనే కూర్చుని మొదటి డబ్బా కట్టింది. చెప్పుల పెట్టెకు లోపల నల్ల కాగితం అతికించి, మధ్యలో గ్లాసు పట్టేంత చోటు ఉంచి, ఒక పక్క బల్బు, ఎదురుగా ఎల్‌డీఆర్ బిగించింది. నీళ్లలో పాలు కొద్దికొద్దిగా పోస్తూ పరీక్షించింది. నీళ్లు బాగా తెల్లబడగానే డబ్బా "బీప్" మంది.

"ఇగో, అయిపాయె" అంది సంబరంగా. "ఇది మొత్తుకోంగనే నువ్వు గడియారం నొక్కు."

ప్రజ్ఞ రెండు మూడు సార్లు విన్నది. ముఖంలో సంతోషం కనబడలేదు.

"ఇట్లయితే డబ్బానే సూస్తున్నది, నేను సూస్తలేను. మా క్లాసోళ్లు గుర్తు మెల్లమెల్లగ మసకైతుంటే సూస్తరు. నాకు ఒక్కసారే బీప్ అంటే ఏం తెలుస్తది? మధ్యల ఏమైందో నేను ఇనాలె."

సరితకు ఒళ్లు మండింది. ఆదివారమంతా వంగి వంగి మెడ పట్టేసింది. "నీకెంత జేసినా తక్వనే" అని డబ్బా పక్కకు నెట్టి వంటింట్లోకి పోయింది. నరేందర్ నవ్వాడు. "తక్వ అని అంటలేదు సరితా, సరిగ్గ కావాలంటున్నది. నీ లెక్కనే" అన్నాడు.

అన్నం తిన్నాక సరిత తనే వచ్చి డబ్బా ముందర కూర్చుంది. పిల్ల చెప్పినదాంట్లో తప్పు లేదని ఆమెకు అన్నం కలుపుతున్నప్పుడే తెలిసిపోయింది.

రెండో డబ్బాకు మూడు వారాలు పట్టింది. ఇందులో చప్పుడు మొదటినుంచీ ఉంటుంది. కాంతి నిండుగా పడుతున్నంతసేపు సన్నగా, ఎత్తుగా వినిపిస్తుంది. కాంతి తగ్గేకొద్దీ స్వరం దిగుతుంది. పక్కనే ఒక మీట ఉంది. అది నొక్కితే ఎప్పటికీ మారని ఒక మంద్రమైన స్వరం పలుకుతుంది. దిగుతున్న స్వరం వచ్చి ఆ స్వరంతో కలిసిపోయినప్పుడు గుర్తు మాయమైనట్టు లెక్క. పక్కవాళ్లకు ఇబ్బంది లేకుండా వినడానికి ఇయర్‌ఫోన్ కూడా పెట్టింది.

మిగతా ఏర్పాట్లు మంగతాయారు చూసింది. సూది లేని సిరంజీల్లో వెనక్కి లాగే కడ్డీలకు గాట్లు పెట్టించింది. గాటు గోటికి తగలగానే లాగడం ఆపితే కొలత సరిపోతుంది. సీసాల మీద బ్రెయిలీ చుక్కల అట్టలు అంటించింది. సమయాన్ని పైకి చెప్పే గడియారం తెప్పించింది. నీళ్లతో పోయడం, తర్వాత ఉప్పునీళ్లతో, చిట్టచివరికి యాసిడ్‌తో సాధన చేయించింది. కళ్లద్దాలూ చేతి తొడుగులూ లేనిదే సీసా ముట్టనివ్వలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం మొదటిసారి అసలు ప్రయోగం చేశారు. సరిత సెలవు పెట్టి వచ్చింది. ఇయర్‌ఫోన్ తీసేసి, అందరికీ వినిపించేలా పెట్టారు. ప్రజ్ఞ హైపో కొలిచి పోసింది. యాసిడ్ సిరంజి నొక్కి, గడియారం మీట నొక్కింది.

స్వరం కాసేపు కదలకుండా నిలబడింది. డబ్బాలో ఏదో తప్పుందేమోనని సరిత తీగల వైపు వంగి చూసింది. అంతలోనే స్వరం కొంచెం వణికింది. దిగడం మొదలుపెట్టింది.

"పోతున్నది" అంది ప్రజ్ఞ గుసగుసగా. తల ఒకవైపు వంచింది. "పోతున్నది మేడం... పోతున్నది... పోయింది!"

రెండోసారి సగానికి సగం నీళ్లు కలిపి చేసింది. ఈసారి స్వరం ఎంతసేపటికీ దిగదే. ఆమె పెదవులు బిగించి కూర్చుంది. దిగడం కూడా నిదానంగా, ఎక్కాల్సినవాళ్లు ఇంకా ఉన్నారేమోనని ఆగి ఆగి కదిలే బస్సులా ఉంది. గడియారం చెప్పిన సమయం విని, మనసులో మొదటిదాంతో పోల్చుకుంది. దాదాపు రెట్టింపు.

"అమ్మా, ఇన్నవా?" అంది. గొంతులో ఏడుపో నవ్వో తెలియలేదు. "నీళ్లు మసకైతుంటే చప్పుడు ఎట్లుంటదో ఇన్నవా?"

సరిత విన్నది. తన చేతుల్లోంచి ఇన్నేళ్లలో ఎన్ని వేల బోర్డులు పోయి ఉంటాయో, ఏ వీధుల్లో వెలుగుతున్నాయో ఆమెకు తెలియదు. ఈ ఒక్క డబ్బా మాత్రం తన బిడ్డ ముందుంది.

*

పరీక్ష ఫిబ్రవరిలో. వేరే బడి నుంచి ఎగ్జామినర్‌గా సుధీంద్ర వచ్చాడు. మంచివాడే గాని భయస్థుడు. ప్రజ్ఞ సంగతి వినగానే మంగతాయారును పక్కకు పిలిచాడు.

"ప్రశ్నలు రాసే అవకాశం ఉంది కదండీ. ఆ అమ్మాయిని ఎందుకు ఇబ్బంది పెట్టడం? మార్కులు నేను ఉదారంగానే వేస్తాను."

"ఉదారంగా వద్దండి" అంది మంగతాయారు. "చేసినదానికే వెయ్యండి. తనూ అదే అడుగుతుంది."

సుధీంద్ర బల్లల జాబితా తెరిచాడు. ప్రజ్ఞకు కిటికీ పక్క బల్ల వచ్చింది. ఆమె బ్రెయిలీ చుక్కలు తడిమి సీసాలు సర్దుకుంది. డబ్బా పెట్టుకుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. హైపో పోసింది, యాసిడ్ కలిపింది, గడియారం నొక్కింది.

స్వరం దిగింది. సగం దూరం దిగి, అక్కడే నిలిచిపోయింది.

ప్రజ్ఞ కదలకుండా విన్నది. ఇది బాగా చిక్కని ద్రావణం. ఈపాటికి రెండు స్వరాలూ కలవాలి. కలవడం లేదు. మీట నొక్కి రెండో స్వరం విన్నది. దానికీ దీనికీ చాలా ఎడం ఉంది. పక్క బల్లల వాళ్లు ఒక్కొక్కరే "అయింది" అంటున్నారు. సుధీంద్ర బూట్ల చప్పుడు వచ్చి ఆమె వెనక ఆగింది. మంగతాయారుకు గ్లాసులో నీళ్లు పాలలా తెల్లబడటం కనబడుతూనే ఉంది. కానీ పరీక్షలో ఆమె నోరు విప్పకూడదు. చేతిలోని జేబురుమాలు నలిపేస్తూ నిలబడింది.

"ఏమ్మా, ఆపేద్దామా?" అన్నాడు సుధీంద్ర మెల్లగా.

"జర ఆగున్రి సార్."

హైపో తక్కువ పోసిందా? లేదు, గాటు గోటికి తగిలింది. యాసిడ్ కలవలేదా? ఘాటు వాసన వస్తూనే ఉంది. డబ్బా చెడిందా? చెడితే స్వరం అసలు దిగేదే కాదు. ఆలోచిస్తూ డబ్బా మీద చెయ్యి పెట్టింది. మణికట్టుకు వెచ్చగా తగిలింది. చెయ్యి పక్కకు జరిపితే చల్లగా ఉంది. మళ్లీ వెనక్కి జరిపితే వెచ్చగా ఉంది.

ఆమె ముఖం వికసించింది.

"సార్, ఈ బల్ల మీద ఎండ పడుతున్నదా?"

సుధీంద్ర చూశాడు. కిటికీలోంచి అరచేయంత ఎండ సరిగ్గా డబ్బా నోటి మీద పడుతోంది. "అవునమ్మా" అన్నాడు.

"అదే సార్. నీళ్లు మసకైనా, పైనుంచి ఎండ పోయి లోపలి పార్టు మీద పడుతున్నది. అందుకే చప్పుడు దిగుతలేదు. ఈ రీడింగ్ నేను లెక్కలకు తీసుకోను. మల్ల చేస్త."

గ్లాసు కడిగింది. డబ్బాను బల్ల అవతలి చివరకు జరిపింది. చెయ్యి పెట్టి చూసుకుంది, చల్లగా ఉంది. ఈసారి యాసిడ్ కలపగానే తన పరీక్ష అట్టను డబ్బా మీద మూతలా కప్పింది. స్వరం నిలబడింది, వణికింది, దిగింది, రెండోదానితో కలిసిపోయింది. ఆ తర్వాత ఆటంకం రాలేదు. ఒక్కో ద్రావణాన్నీ పలచన చేసుకుంటూ ఐదు రీడింగులూ పూర్తి చేసింది. సమయాలు చెబుతుంటే, ఆమె తరఫున రాయడానికి వచ్చిన సహాయకురాలు రాసిపెట్టింది.

సుధీంద్ర అక్కడి నుంచి కదల్లేదు. లోపలికి వెళ్లి ఒక గ్లాసులో ఏదో కలిపి తెచ్చాడు.

"ఇందులో హైపో ఎంత గాఢత ఉందో నీకు చెప్పను. కనుక్కుంటావా?"

ప్రజ్ఞ నవ్వింది. కొలిచింది, కలిపింది, విన్నది. సుధీంద్ర ఏమనుకున్నాడో, రెండో ఇయర్‌ఫోన్ అడిగి తన చెవిలో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. స్వరం దిగినంతసేపు అలాగే ఉన్నాడు. ఆమె గడియారం నొక్కింది. కాసేపు పెదవులు కదిలించి లెక్క కట్టింది.

"మొదటి సీసాల ఉన్నదాంట్ల సగం కంటే జర ఎక్కువ సార్. పదింట్ల ఆరు వంతులు ఉంటది."

సుధీంద్ర తలూపాడు. ఆమె ఇంకా ఎదురుచూస్తోందని అప్పుడు గుర్తొచ్చి, గట్టిగా, ల్యాబంతా వినబడేలా, "కరెక్ట్!" అన్నాడు.

తర్వాత ప్రశ్నల వంతు. "గాఢత ఎక్కువైతే చర్య వేగం ఎందుకు పెరుగుతుంది? ఇంగ్లీషులోనైనా తెలుగులోనైనా, నీ ఇష్టం."

"సార్, పొద్దుగాల బడికి వచ్చేటప్పుడు ఉప్పల్ రింగ్‌రోడ్డు కాడ బస్సు దిగుత. అడుగు ఏస్తే ఎవరో ఒకరు తగుల్తరు. మధ్యాహ్నం అదే చోట దిగితే, పది అడుగులు ఏసినా ఒక్కరు తగలరు. జాగ అదే, మనుషులు తక్కువ. ద్రావణంల కణాలు గూడ గంతే. అదే జాగల ఎక్కువ కణాలుంటే ఎక్కువసార్లు తగుల్తయి. తగుల్తేనే గదా చర్య అయ్యేది."

"తగిలిన ప్రతిసారీ చర్య జరుగుతుందా?"

"కాదు సార్. నాకు తగిలినోళ్లందరితోని లొల్లి అయితదా? మెల్లగ తగిలితే సారీ అని పోతరు. గట్టిగ తగిలితేనే లొల్లి. కణాలకు గూడ చాలినంత శక్తి ఉండాలె."

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. సుధీంద్ర కూడా నవ్వేశాడు. మంగతాయారు గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

*

మల్లాపూర్‌లో అప్పటికి భోజనాల వేళ అయింది. సరిత అన్నం డబ్బా మూత తీసింది గాని మనసంతా బడి మీదే ఉంది. ఫోను మోగింది.

"సరితగారూ" అంది మంగతాయారు, "మీ అమ్మాయి ప్రాక్టికల్ చేసింది. చెయ్యడం కాదు, తప్పు ఎక్కడొచ్చిందో తనే కనిపెట్టి, తనే దిద్దుకుని చేసింది. ఆ సుధీంద్రగారు కళ్లు మూసుకుని మీ డబ్బా విన్నారండీ."

సరిత ఫోను చెవికి పెట్టుకునే లేచి నిలబడింది. పక్కనున్న ఆడవాళ్లు, "ఏమైందే, ఏమైందే" అని మూగారు. ఆమె ఫోను కొమురెల్లి చేతిలో పెడితే అతను సంగతి కనుక్కున్నాడు. "మన బోర్డు పరీక్ష పాసైంది" అని అందరికీ చెప్పాడు.

ఆ సాయంత్రం సరిత ఉప్పల్ వెళ్లి కూతుర్ని వెంటబెట్టుకుని బస్సెక్కింది. పక్క సీట్లో ఒక పెద్దావిడ ప్రజ్ఞ చేతికర్రనూ, ముఖాన్నీ మార్చి మార్చి చూసి, "అయ్యో, పాపం, పుట్టుకతోనేనా అమ్మా?" అంది.

ఇంకో రోజైతే సరిత తల దించుకుని ఊరుకునేది.

"పాపం ఏంది పెద్దమ్మా? నా బిడ్డ కెమిస్ట్రీ ప్రాక్టికల్ చేసొస్తున్నది" అంది. "నీళ్లల్ల మందు ఎక్కువుంటే జల్ది మసకైతది, తక్వుంటే నిదానంగ అయితది. అది కంటితోని సూస్తరు అందరు. నా బిడ్డ చెవితోని ఇన్నది. పరీక్ష పెట్టెటాయన గూడ కండ్లు మూసుకొని ఇన్నడంట..."

బస్సు నాచారం వైపు తిరిగింది. సరిత ఆగలేదు. ముందు సీట్ల వాళ్లు కూడా వెనక్కి తిరిగారు. ప్రజ్ఞ సిగ్గుతో తల్లి మోచేతిని గిల్లింది.

"చాలమ్మా. అయినా అది మందు గాదు, హైపో."

"హైపో" అని దిద్దుకుని, పెద్దావిడకు మళ్లీ మొదట్నుంచీ చెప్పింది సరిత.

మే నెలలో ఫలితాలు వచ్చాయి. కెమిస్ట్రీ ప్రాక్టికల్‌లో ముప్పైకి ఇరవై ఏడు. ఆ మూడు మార్కులు ఎక్కడ పోయాయని ప్రజ్ఞ రెండు రోజులు సణిగింది. మంగతాయారును అడిగితే, అదే రోజు సహాయకురాలు చెప్పిన రంగులను బట్టి ఉప్పు ఏదో కనిపెట్టే పరీక్షలో ఒకటి తప్పిందని చెప్పింది. "అయితే సరే. అది నిజంగనే తప్పిన" అని ఊరుకుంది. డిగ్రీలో కెమిస్ట్రీకి దరఖాస్తు పెట్టింది.

సరిత ఇప్పుడు మూడో డబ్బా కడుతోంది. ఈసారి ఉప్పుల రంగులను చప్పుడుగా మార్చాలట. ఎట్లా చెయ్యాలో కొమురెల్లికీ తెలియదు, ఆమెకూ తెలియదు. అయినా ఆదివారం పొద్దున్నే తల్లీకూతుళ్లిద్దరూ తీగలు ముందేసుకుని కూర్చున్నారు. నరేందర్ చాయ్ పెట్టాడు.